నీటి నడుమ విజయపురి

పలనాటిలో ఒక ద్వీపము కలదనిన వెంటనే నమ్మువారు తక్కువ. వేసవిలో రెంటచింతల యెండను గూర్చి వినువారికి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలను చూచినవారికి, ఈ సీమలో నాలుగువైపుల నీరు చుట్టిన నేల యెక్కడిదని సందేహము కలుగుట సహజమే. అయినను ద్వీపము కలదు. దాని పేరు నాగార్జునకొండ. అది ప్రకృతి నిర్మించిన ద్వీపము కాదు. కృష్ణానదికి అడ్డముగ ఆనకట్ట కట్టగా నీరు పెరిగి లోయను నింపినది. లోయ నడుమ నున్న కొండ తల మాత్రము పైకి మిగిలినది. ఆ కొండతలపై నేడు బౌద్ధుల చైత్యములు, విహారములు, ఒక ప్రదర్శనశాల కలవు.

గత మాఘమాసమున మా చిలకలూరిపేటలోని ఒక పాఠశాలవారు ఎనిమిదవ తరగతి పిల్లలను నలుబదిమందిని అక్కడకు తీసికొనిపోవుచు నన్నును రమ్మని పిలిచిరి. నేను ప్రధానోపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఇంటివద్ద ఊరక కూర్చుండువానికి ఇంతకంటె మంచి పిలుపు దొరకదు. అదియును గాక, పిలువకున్నను అడిగియైన అక్కడకు పోవలసిన పని నాకొకటి యుండెను. దానిని తరువాత చెప్పెదను.

తెల్లవారుజామున నాలుగు గంటలకు చిలకలూరిపేట విడిచితిమి. నరసరావుపేట దాటునప్పటికి తూర్పు ఎఱ్ఱబారినది. నకరికల్లు ప్రాంతమున బస్సు ఒక పెద్ద కాలువ మీది వంతెన నెక్కినది. నిండుగ పారుచున్న నీటిని చూచి ఒక పిల్లవాడు, "మాస్టారూ! ఈ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది?" అని యడిగెను.

"మనము పోవుచున్న చోటినుండియే. ఇది నాగార్జునసాగరము కుడికాలువ. మీలో ఎవరి యిండ్లకు సాగరు నీటిక్రింద చేలున్నవో వారు చేతులెత్తుడు" అంటిని. సగమునకు పైగ చేతులు లేచినవి. "మీరందరును ఒకరికి ఋణపడి యున్నారు. ఎవరికో అక్కడకు పోయిన తరువాత చెప్పెదను" అంటిని. పిల్లలు ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి. ప్రశ్న అడిగిన పిల్లవాడు మాత్రము వంతెన దాటిన తరువాత గూడ తల వెనుకకు త్రిప్పి కాలువనే చూచుచుండెను.

పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల మీదుగ మాచర్ల చేరితిమి. కారెంపూడి మీదుగ పోయినచో పలనాటి వీరుల గుడిని గూడ చూపవచ్చునని ఒక ఉపాధ్యాయుడు అనెను గాని, ఒక్క దినమున రెండు చరిత్రలు పిల్లల తలలకు బరువగునని నేను వారించితిని. మాచర్లనుండి విజయపురి సౌత్ అను ఊరు చేరి, రేవున లాంచీ యెక్కితిమి. ఆనకట్ట నిర్మాణ కాలమున వెలసిన ఈ యూరికి ఆ పేరు ఊరక పెట్టలేదు. విజయపురి యనునది, ఇప్పుడు మేము పైన పయనించు నీటి యడుగున నున్న రాజధాని పేరు.

లాంచీ కదలిన తరువాత పిల్లలను క్రిందికి చూడుడంటిని. పచ్చని నీరు తప్ప ఏమియు కనబడలేదు. కనబడని దానిని మాటలతో కట్టి చూపవలసి వచ్చెను.

శాతవాహనుల ప్రాభవము తగ్గిన తరువాత క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు వంశపు రాజులు ఈ లోయలో రాజ్యము స్థాపించిరి. మూడువైపుల నల్లమల కొండలు, పడమట కృష్ణ. శత్రువునకు దుర్గమము, వర్తకునకు సుగమము. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు వైదికమతము నవలంబించి అశ్వమేధము చేసినవాడు. ఆయన కుమారుడు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు. వీరి కాలమున ఈ లోయలో కోట, వీథులు, స్నానఘట్టములు, శివకార్తికేయుల ఆలయములు, ప్రేక్షకులు నాలుగువైపుల మెట్లపై కూర్చుండి చూచు రంగస్థలము వెలసినవి. వానితో పాటు ముప్పదికి పైగ బౌద్ధారామములు వెలసినవి. రాజు యజ్ఞము చేయుచుండగా రాజు చెల్లెలు స్తూపము కట్టించినది. ఒకే యింటిలో రెండు మతములు పొసగినవి. ఈ సంగతి చెప్పినపుడు ఒక బాలిక, "మా యింటిలో గూడ అంతే, మాస్టారూ!" అనెను. తక్కిన పిల్లలు నవ్విరి. నవ్వవలసిన పనిలేదు, ఆ పిల్ల మాటతో విజయపురి వారికి దగ్గరయినది.

ముప్పాతిక గంటకు పైగ నీటిపై సాగిన తరువాత ద్వీపము చేరితిమి. ఒడ్డునుండి మెట్లదారి, ఇరువైపుల చెట్లు. పైన మధ్యయుగపు కోటగోడల శిథిలములు కలవు గాని, మేము వానివద్ద నిలువక నేరుగ మహాచైత్యమునొద్దకు పోయితిమి.

చైత్యమనగా పూజ్యులగువారి ధాతువుపై, అనగా అస్థిశేషముపై, కట్టిన కట్టడము. ఈ మహాచైత్యపు వ్యాసము 106 అడుగులు. దీని లోపలి నిర్మాణము విచిత్రమైనది. గుట్టవలె ఇటుకలు పేర్చుకొని పోలేదు. బండిచక్రమునకు ఆకులున్నట్లు, నడుమనుండి అంచువరకు ఇటుకగోడలు కట్టి, గోడల నడుమ ఖాళీలను మట్టితో నింపిరి. ఇందువలన ఇటుక తక్కువ పట్టును. బరువు సమముగ పంచుకొనబడును. చక్రము బౌద్ధులకు ధర్మచిహ్నము కూడ. మేస్త్రీ లెక్కయు, భక్తుని భావమును ఒక్క గీతలో కలసినవి. నాలుగు దిక్కుల నాలుగు వేదికలు, ఒక్కొక్క వేదికపై అయిదేసి ఆయక స్తంభములు నిలిపెడివారు. బుద్ధుని జననము, గృహత్యాగము, జ్ఞానోదయము, ప్రథమోపదేశము, నిర్యాణము అను అయిదు ఘట్టములను ఆ స్తంభములు తెలుపునందురు.

దీనిని కట్టించిన దాత శాంతమూల మహారాజు చెల్లెలు శాంతిశ్రీ. వీరపురుషదత్తుని ఆరవ పాలనా సంవత్సరమున పని ముగిసినట్లు స్తంభశాసనములు తెలుపుచున్నవి. కట్టుబడిని చూచుకొనినవాడు ఆనందుడను భిక్షువు; దీఘ, మజ్ఝిమ నికాయములు చదివినవాడు. రాజుల పేరులు శాసనములలో నిలుచుట వింత కాదు. పని చేయించినవాని పేరు పదునేడు వందల యేండ్ల తరువాత గూడ మనము పలుకుచుండుట వింత. దాతలలో స్త్రీలే యెక్కువ యనుటయు గమనింపవలసినది. భట్టిదేవి యను రాణి బహుశ్రుతీయులకు విహారము కట్టించినది. వనవాసి రాజ్యమునకు కోడలైపోయిన కొడబలిశ్రీ పుట్టినింటి గడ్డపై మహీశాసకులకు విహారము కట్టించినది.

1929లో ఈ చైత్యపు గర్భమున ఒక మట్టికుండలో చిన్న వెండి స్తూపము, దానిలో ముప్పాతిక అంగుళపు బంగారు భరిణ, భరిణలో ఒక ఎముక తునక దొరకినవి. బంగారు పూవులు, ముత్యములు తోడుగ నుండెను. ఆ ధాతువును 1932లో సారనాథమున నున్న మూలగంధకుటీ విహారమునకు సమర్పించిరి.

ప్రదర్శనశాలలో పలనాటి సున్నపురాతిపై చెక్కిన బుద్ధుని జీవితఘట్టములు, జాతక కథలు చూచితిమి. ఆ రాయి లేత ఆకుపచ్చ కలసిన తెలుపు. ఉలికి లొంగును, మెఱుగునకు నిలుచును. నేడు సిమెంటు కర్మాగారములకు పోవుచున్న మన రాతి జాతియే ఆనాడు కరుణామూర్తి యైనది. పరదేశపు దుస్తులు ధరించిన భటుల రూపములు చూచి పిల్లలు ఆశ్చర్యపడిరి. రోమకుల నాణెములు గూడ ఈ లోయలో దొరకినవి.

ఇచ్చట ఒక శాసనమును గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. నా మటుకు నాకు నాగార్జునకొండలో దానికి మించిన వస్తువు లేదు. లోయకు తూర్పున నహరాళ్ళబోడు అను చిన్నగుట్ట కలదు. దానిపై గజపృష్ఠాకారముగ, అనగా వెనుకవైపు ఏనుగు వీపువలె గుండ్రముగ, కట్టిన చైత్యగృహపు నేలరాళ్ళపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఆ శాసనము చెక్కబడినది. వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనా సంవత్సరము నాటిది. దాత రాణి కాదు. బోధిశ్రీ యను గృహస్థురాలు.

ఆ చైత్యగృహమును ఆమె తామ్రపర్ణి స్థవిరులకొరకు కట్టించినది. తామ్రపర్ణి యనగా సింహళద్వీపము, నేటి శ్రీలంక. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి మున్నగు దేశముల ప్రజలకు ధర్మము చెప్పి సంతోషపెట్టిన ఆచార్యులు వీరని శాసనము చెప్పుచున్నది. అంతియే కాదు, బోధిశ్రీ ఏయే చోట్ల ఏమేమి కట్టించినదో వరుసగ పేర్కొనినది. ఒక చోట చెఱువు, ఒక చోట మండపము, మరియొక చోట భిక్షువులకు గదులు, కంటకశైలమున, అనగా నేటి ఘంటసాలలో, మహాచైత్యపు తూర్పువాకిట రాతి మండపము. ఆ వరుసలో సీహళ విహారమున బోధివృక్షమునకు ప్రాసాదము కట్టించినట్లు కలదు. సీహళ విహారమనగా సింహళ విహారమే. ఈ పలనాటి లోయలో సింహళ భిక్షువులకు ప్రత్యేకముగ ఒక విహారముండెనన్నమాట!

వారు ఏ దారిని వచ్చిరి? సముద్రముపై ఓడలలో వచ్చి, కృష్ణ సంగమ ప్రాంతమున ఘంటసాలవంటి రేవులలో దిగి, నదివెంట పైకి వచ్చియుందురు. తరువాతి కాలపు చీనా యాత్రికుడు ఫాహియాన్ వంగదేశపు తామ్రలిప్తి రేవున వర్తకుల ఓడ యెక్కి పదునాలుగు రాత్రింబవళ్ళు పయనించి సింహళము చేరెను. అక్కడ అనురాధపురమున ఒక విహారములో ఎవరో వర్తకుడు బుద్ధునికి సమర్పించిన చీనా దేశపు తెల్ల పట్టువిసనకఱ్ఱను చూచి, స్వదేశము గుర్తునకు వచ్చి కన్నీరు పెట్టెనట. ఎంతటి జ్ఞానియైనను ఇల్లు ఇల్లే. ఆ అనురాధపురముననే, బుద్ధగయ బోధివృక్షపు కొమ్మను సంఘమిత్ర తెచ్చియిచ్చెనని చెప్పు మహాబోధి నేటికిని పూజలందుకొనుచున్నది. సింహళ భిక్షువునకు స్వదేశమనగా మొదట తలపునకు వచ్చునది ఆ చెట్టే కదా! అందుచేత బోధిశ్రీ వారి విహారమునకు బంగారమును గాక, బోధివృక్షమునకు నీడనిచ్చు ప్రాసాదమునే ఇచ్చుటలో ఒక గృహిణి యెఱిగిన మర్మము కలదని నాకు తోచును. ఇది నా యూహ మాత్రమే, శాసనములో లేదు.

రాకపోకలు ఒకవైపువి మాత్రమే కావు. మెట్ల మొదట పరచు అర్ధచంద్రాకారపు శిలలు, అంచున వరుసగ జంతువులు చెక్కినవి, ఇక్కడను దొరకినవి, సింహళమునను ప్రసిద్ధములు. అయిదవ శతాబ్దమున అనురాధపుర మహావిహారమున కూర్చుండి విశుద్ధిమగ్గమను గొప్ప గ్రంథము వ్రాసిన బుద్ధఘోషుని ఊరి పేరు ఆ గ్రంథాంతమున మోరండఖేటకమని కలదు. మోరమనగా నెమలి, అండమనగా గ్రుడ్డు. మన ప్రాంతపు కోటనెమలిపురి, గుండ్లపల్లి గ్రామములే ఆ యూరని కొందరు పండితులు తలచిరి. అందరును అంగీకరించిన మాట కాదు. అయినను ఈ మాట చెప్పినపుడు బస్సులో నిద్రపోయిన పిల్లలు సైతము నిటారుగ కూర్చుండిరి. తమ యూరి వాడొకడు సముద్రము దాటి పుస్తకము వ్రాసెననిన ఎవనికి ఉత్సాహము కలుగదు?

మధ్యాహ్నము చెట్లక్రింద పులిహోర, పెరుగన్నము తిన్న తరువాత, కాలువవద్ద ప్రశ్న అడిగిన పిల్లవాడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ! మహాచైత్యము ఇక్కడనే కట్టిరా?" అని యడిగెను. ఫలకము చదివి వచ్చినట్లున్నది. ఈ ప్రశ్నకొరకే నేను వేచియుంటిని.

ఇక్కడ కట్టలేదు. శాంతిశ్రీ కట్టించిన చోటు నీటి యడుగున నున్నది. ఆ కథ ఒక బడిపంతులుతో మొదలైనది. ఇక్ష్వాకుల తరువాత విజయపురి క్రమముగ అడవి పాలయ్యెను. ఆచార్య నాగార్జునుని పేర కొండ నిలిచినదే గాని, ఆ పేరు వెనుక నున్నదేమో లోకము మరచెను. 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు ఈ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి, ఊరకుండక, మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసన శాఖనుండి రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచి, ఇది గొప్ప స్థలమని గుర్తించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి. ఎన్. రామచంద్రన్ త్రవ్వకములు జరిపిరి. పశువుల కాపరులు ఎందరో ఆ స్తంభమును చూచియుందురు. వీపు గోకుకొనిన ఎద్దులును ఉండవచ్చును. ఉత్తరము వ్రాసినవాడు మాత్రము పంతులే. ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను గనుక ఈ సంగతి చెప్పునపుడు నా గొంతు కొంచెము పెద్దదగును. పాఠకులు మన్నింతురు గాక.

ఇంతలో ఆనకట్ట తలపెట్టబడెను. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున లోయనంతటిని త్రవ్వి, కొలిచి, వ్రాసికొనిరి. నూరుకు పైగ స్థలములు బయల్పడినవి. ముఖ్యమైన కట్టడములు తొమ్మిదింటిని తరలించి కొండపై మరల నిలిపిరి. మరికొన్నింటికి నమూనాలు కట్టిరి. రంగస్థలము మొదలైన వానిని కృష్ణ కుడియొడ్డున అనుపు అను చోట నిలిపిరి. తక్కిన దంతయు అక్కడనే విడువబడెను. లోయలో కాపురమున్న పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలవారు గూడ తమ యిండ్లు విడిచి లేచిపోయిరి. స్తూపములను ఎక్కడ పెట్టిరో ఫలకములపై వ్రాసియున్నది. ఆ మనుష్యులు ఎక్కడెక్కడ స్థిరపడిరో చెప్పు ఫలకము నాకు కనబడలేదు. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను.

"ఉదయమున ఋణమంటిని గదా," అని పిల్లలతో అంటిని. "మీ చేలకు నీరు వచ్చుటకు ఈ లోయ మునిగినది. శాంతిశ్రీ చైత్యము చోటు పోయినది, బోధిశ్రీ చెఱువు పోయినది, పుల్లారెడ్డిగూడెపు గుమ్మములు పోయినవి."

"అయితే ఆనకట్ట కట్టకుండ నుండవలసినదా, మాస్టారూ?" అని ఒక బాలిక అడిగెను. నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా యింటి సంగతి చెప్పితిని.

మా నాయన వాననే నమ్ముకొనిన రైతు. శంకుస్థాపన చూడబోయిన వేలమందిలో ఆయనయు ఒకరు. గుంటూరునుండి మాచర్లకు రైలు, అక్కడినుండి కొంత బండి, కొంత నడక. తిరిగి వచ్చునపుడు లోయలోనికి పోయి త్రవ్వకములు చూచెను. "భూమిలో బండిచక్రము పూడ్చినట్లుండెనురా" అని చెప్పెడివాడు. మహాచైత్యమును దాని చోట చూచిన మనిషిని నేను ఎఱిగినది ఆయననొక్కనినే. కాలువ వచ్చిన తరువాత మా యింట రెండుపూటల వరియన్నము నిలకడగ దొరకినది, నేను చదువుకొంటిని. ఈ రెండును నిజములే. వీనిలో ఒకదానితో రెండవదానిని కొట్టివేయుట నాకు చేతకాదు.

1973లో నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా మమ్మును ఈ ద్వీపమునకు తీసికొనివచ్చిరి. మహాచైత్యపు అంచున పడియున్న ఒక ఇటుక పెచ్చును ఎవరును చూడకుండ జేబులో వేసికొంటిని. ఇంటికి పోయి గర్వముతో మా నాయనకు చూపితిని. ఆయన కొట్టలేదు. పెచ్చును చేతిలో పట్టుకొని చాలసేపు చూచి, "ఆ చోటు మనకు నీరిచ్చినది చాలదా? ఇటుక గూడ తెచ్చితివా? ఈసారి పోయినపుడు అక్కడ పెట్టి రమ్ము" అనెను. ఆయన 1991లో కాలము చేసెను. ఉపాధ్యాయుడనైన తరువాత నేను రెండుమార్లు పిల్లలతో ఇక్కడకు వచ్చితిని. రెండుమార్లును ఇటుకను ఇంటనే మరచితిని. మరచితినో, ఇతరులు చూతురని సిగ్గుపడితినో నాకే తెలియదు. అది నా పుస్తకముల బల్లపై కాగితములు ఎగిరిపోకుండ పనిచేయుచుండెను.

ఇంత చెప్పి, సంచిలోని గుడ్డమూట విప్పి పెచ్చును పిల్లలకు చూపితిని. చేతులు మార్చుకొనుచు అందరును చూచిరి. ఒకడు వాసన చూచెను. మూడు అంగుళముల మందము. ఒక మూల నేను చిన్ననాడు మేకుతో గీసిన గీత గూడ నున్నది.

దానిని తీసికొని ప్రదర్శనశాల ఉద్యోగి యొద్దకు పోయి జరిగినది చెప్పితిని. ఆయన నాకంటె చాల చిన్నవాడు. కోపగించుకొనునేమో యని భయపడితిని గాని, ఆయన దానిని వెలుగునకు పట్టి చూచి, "ప్రాచీనమైనదో, తిరిగి కట్టునపుడు చేర్చినదో చూచినంత మాత్రమున చెప్పజాలమండీ. పైవారికి చూపెదను. ఇక్కడ ఉంచి వెళ్ళండి" అనెను. ఏబది యేండ్లు మోసిన బరువు అసలుదో కాదో కూడ తెలియకుండ నా చేతినుండి దిగిపోయినది. బయటికి వచ్చునప్పటికి చేయి తేలికగ నుండెను. మనస్సు మాత్రము అంత తేలికగ లేదు.

మెట్లు దిగుచుండగా ఆ పిల్లవాడు నా ప్రక్కన చేరెను.

"మాస్టారూ! మీ నాయనగారు దానిని దాని చోట పెట్టి రమ్మనిరి గదా?"

"అవును."

"దాని చోటు ఇది కాదు గదా, మాస్టారూ? నీటిక్రిందిది గదా?"

"అవును" అంటిని. అంతకు మించి నాయొద్ద మాట లేకపోయెను.

కడపటి లాంచీకి వేళయైనది. తిరుగు పయనమున పిల్లలు పాటలు పాడుకొనిరి. ఆ పిల్లవాడు ఒక ప్రక్క కమ్మీ పట్టుకొని నీటిలోనికే చూచుచు నిలిచెను. ప్రొద్దువాలిన వెలుగులో నీరు రాగిరంగు తిరిగినది. ఏ తావున మహాచైత్యముండెనో వేలుపెట్టి చూపుమని నన్నడిగెను. లాంచీ నడుపు సరంగు తనకు తెలిసినంతలో ఒక వైపు చూపెను. ఇద్దరమును అటు చూచితిమి.

బస్సు నకరికల్లు చేరునప్పటికి బాగుగ చీకటి పడినది. పిల్లలందరును ఒకరి భుజముపై నొకరు తల వాల్చి నిద్రించుచుండిరి. నాకును కన్ను మూతపడినది. ఎవరో మెల్లగ నా చేయి తట్టిరి.

"మాస్టారూ! కాలువ వచ్చినది" అని ఆ పిల్లవాడు చెప్పెను.